తొలగింపు విద్య



స్నాతకోత్సవ వేదికపై దేశసేవను గూర్చియు శీలసంపదను గూర్చియు మాటలాడుట ఆచారము. నేనా యాచారమును కాదనను. కాని కంప్యూటరు శాస్త్రమున పట్టము పుచ్చుకొని రేపటినుండి ఉద్యోగములలో ప్రవేశింపనున్న మీకు ఆ పెద్ద విషయములన్నియు చిన్న పనుల రూపముననే ఎదురగునని నా దృఢవిశ్వాసము గనుక, మిక్కిలి చిన్నదగు నొక పనిని గూర్చి, అనగా తేలికపాటి కంటైనర్ నిర్వహణ వేదికలకు యాడాన్లను, కమాండ్ లైన్ ప్లగిన్లను వ్రాయుటను గూర్చి, ఈ సమయమును వినియోగింపదలచితిని.

2014లో గూగుల్ వెల్లడించిన కుబర్నెటిస్ 5,000 యంత్రములను, 3,00,000 కంటైనర్లను ఒక్క సమూహమున నిలుపుటకు ఉద్దేశింపబడిన మహావ్యవస్థ. అంతటి వ్యవస్థను దుకాణపు మూలనున్న చిన్న పెట్టెలోనికి, విద్యార్థి ల్యాప్‌టాప్‌లోనికి దింపవలెనను కోరికనుండియే కెనానికల్ వారి మైక్రోకె8ఎస్, 2019లో రాంచర్ ల్యాబ్స్ వెలువరించిన కె3ఎస్ మున్నగునవి పుట్టినవి. వీని తేలికతనమునకు ఒక ముఖ్యకారణము, అందఱికిని అక్కఱలేని దానిని అందఱి నెత్తిన రుద్దకుండుటయే. డ్యాష్‌బోర్డు కావలసినవాడు, నిల్వ కావలసినవాడు, మైక్రోకె8ఎస్‌లో ‘ఎనేబుల్’ అను ఆజ్ఞకు దాని పేరు చేర్చి ఒక్క వరుస వ్రాసినచో చాలును. ఆ ఒక్క వరుస వెనుక ఎవరో యొకరు వ్రాసిన యాడాన్ ఉన్నది.

దాని నిర్మాణము చూడుడు. ఒక గిట్ రిపాజిటరీ, దానిలో యాడాన్ల పేర్లను, వివరణలను, సంచికలను, అవి నడచు ప్రాసెసర్ రకములను తెలుపు ఒక యామల్ ఫైలు, యాడాన్‌కొక ఫోల్డరు, అందు ‘ఎనేబుల్’, ‘డిజేబుల్’ అను రెండు స్క్రిప్టులు. బాష్‌లో వ్రాసినను సరియే, పైథాన్‌లో వ్రాసినను సరియే. 2022 నాటి 1.24 సంచికనుండి ఈ యాడాన్లు మూలకోడునుండి వేఱుపడి, కోర్ అనియు కమ్యూనిటీ అనియు రెండు రిపాజిటరీలైనవి. మూడవది మీరు పెట్టుకొనవచ్చును. ఎవరి యనుమతియు అక్కఱలేదు.

కుబర్నెటిస్‌కు ఆజ్ఞలిచ్చు కమాండ్ లైన్ పనిముట్టగు కుబ్‌సీటీఎల్ ప్లగిన్ల నియమము ఇంకను సరళము. ‘కుబ్‌సీటీఎల్’ అను పేరును, ఒక హైఫనును ముందుంచుకొని పాత్‌లో ఎచ్చటనున్నను, నడువగల ప్రతి ఫైలును ప్లగినే. తొలుదొల్త ప్రతి ప్లగిన్‌కును ఒక వివరణ ఫైలుండవలెనను నిర్బంధముండెను, 2018లో, 1.12 సంచికలో, దానిని విడిచి, గిట్ ఏనాటినుండియో పాటించుచున్న పేరు పద్ధతినే చేపట్టి, మఱుసటి ఏడు 1.14లో స్థిరపఱచిరి. మీరు ‘కుబ్‌సీటీఎల్-వెర్షన్’ అని పేరుపెట్టి యొక ప్లగిన్ వ్రాసినను, వేదికలో మొదటినుండి యున్న ‘వెర్షన్’ ఆజ్ఞయే నడచును గాని మీది నడువదు. ఈ కట్టడిని నేను మనసారా మెచ్చుకొందును. ఏలయన, వాడుకరి ఎఱిగిన మాటకు ఎఱుగని యర్థము కల్పించు అధికారము ఏ కొత్తవానికిని ఉండరాదు. మీ ప్లగిన్ ఇచ్చు ఫలితమును స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోనే వ్రాయుడు. హెచ్చరికలను స్టాండర్డ్ ఎర్రర్‌కు పంపుడు. పని చెడినపుడు సున్నా కాని సంఖ్యతో వెలువడుడు. 1973లో డగ్లస్ మెకిల్‌రాయ్ ప్రోద్బలమున యునిక్స్‌లో పైపు వెలసిన నాటినుండి, ఒకని ప్రోగ్రాము పలుకును మఱియొకని ప్రోగ్రాము ఆలకించుచునే యున్నది.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచినది డిజేబుల్ స్క్రిప్టును గూర్చి.

ఎనేబుల్ వ్రాయుటలో ఉత్సాహము కలదు. పదిమంది చూచి మెచ్చుకొనునది అదియే. పెండ్లి ముగిసిన మఱునాడు రాటలు పెరికి గుంతలు పూడ్చిపోవు పందిరివానిని ఎవ్వరును పొగడరు. వాడు పూడ్చకపోయినచో మాత్రము చీకటిలో పసివాని కాలు విఱుగును. ఒక డేటాబేసును నిర్వహించు ఆపరేటరును మీరు యాడాన్‌గా కూర్చితిరనుకొనుడు. ఎనేబుల్ స్క్రిప్టు మొదట కొత్తరకపు వస్తువుల నిర్వచనమును, అనగా సీఆర్‌డీని, ఆపైన వానిని కనిపెట్టియుండు కంట్రోలరును స్థాపించును. వాడుకరి ఆ రకపు వస్తువులను సృష్టించుకొనును. కంట్రోలరు వానిపై ఫైనలైజర్ అను గుర్తు వేయును. ఆ గుర్తున్నంతవఱకు వస్తువు చెరిగిపోదు. తొందరపాటున వ్రాయబడిన డిజేబుల్ స్క్రిప్టు మొదట కంట్రోలరునే తొలగించినచో, గుర్తును తీయవలసినవాడే లేకపోవును; వస్తువును, దానిని ఇముడ్చుకొన్న నేమ్‌స్పేసును ‘టెర్మినేటింగ్’ అను స్థితిలో దినములు గడచినను కదలక నిలిచిపోవును; ఎవడో నడిరేయి మేల్కొని ఆ గుర్తులను చేతితో చెరుపవలసి వచ్చును. కావున స్థాపించిన వరుసకు విలోమముగా తొలగింపుడు: మొదట వస్తువులు, పిదప కంట్రోలరు, చివర సీఆర్‌డీ.

అయినను ఆ వస్తువులు మీవి కావు, వాడుకరివి. సీఆర్‌డీని తొలగించినచో ఆ రకపు వస్తువులన్నియు దానితో పోవును. మైక్రోకె8ఎస్‌లోని హోస్ట్‌పాత్ నిల్వ యాడాన్ ఈ విషయమున మార్గదర్శకము. దానిని ఆపివేసినంత మాత్రమున డేటా నశింపదు, తుడిచివేయుమని వాడుకరి ప్రత్యేకముగా కోరవలెను. తన అజ్ఞానమువలన గాని అలసటవలన గాని ఒక మనిషి పొరపడవచ్చునని ఊహించి, వానికొఱకు ఒక క్షణము ఆగు ప్రోగ్రాము సంస్కారవంతమైనదని నేనందును. అట్లే, ఎనేబుల్ రెండుమార్లు నడచినను ఒక్కమారు నడచినట్లే యుండవలెను. మధ్యలో కరెంటు పోయినవాడు మరల అదే యాజ్ఞ ఇచ్చును గదా!

నమ్మకమును గూర్చి ఒక మాట. ప్లగిన్లను వెదకి స్థాపించుకొనుటకు క్రూ అను పనిముట్టు కలదు. దాని పట్టికలో 200కు పైగా ప్లగిన్లున్నవి. వాని భద్రతను తాము పరీక్షింపలేదని దాని నిర్వాహకులే ముందుగా హెచ్చరించుచున్నారు. మీ ప్లగిన్‌ను ఎవరు నడుపుదురో వారి యధికారములన్నియు అది నడచునంతసేపు మీ కోడు చేతిలోనుండును. మీ ముఖమైనను చూడనివారు మీకిచ్చిన తాళపుచెవి అది.

ఈ వారమే మైక్రోకె8ఎస్ కోర్ రిపాజిటరీని తెఱచి, ఏదేని యొక యాడాన్ యొక్క రెండు స్క్రిప్టులను ప్రక్కప్రక్కన నిడుకొని చదువుడు. తరువాత మీదొకటి వ్రాయుడు. ఎనేబుల్‌కు ముందును, డిజేబుల్‌కు పిమ్మటను సమూహమునందలి వస్తువుల జాబితా తీసి, డిఫ్‌తో పోల్చుడు. ‘గెట్ ఆల్’ అను ఆజ్ఞను నమ్మకుడు. సీక్రెట్లు, కాన్ఫిగ్‌మ్యాపులు, రోల్‌లు, సీఆర్‌డీలు దానిలో కానరావు. ‘ఏపీఐ-రిసోర్సెస్’ చూపు ప్రతి రకమును పేరుపేరున అడుగుడు. ఆ పోలికలో మీ యాడాన్ వదలిన వరుస ఒక్కటి మిగిలినను, అది ఎవరిదో, ఎవరి సమ్మతితో మిగిలినదో తేలిన పిదపనే దానిని పదిమందికి విడుదల చేయుడు.