బలము డబ్బాలో నున్నదా?



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములయందు నేడు వ్యాయామశాలలు వెలసినవి. యువకులు శ్రమించి దేహమును దృఢపఱచుకొనుట కొనియాడదగినదే. కాని అలసట తీరుటకును, కండ పెరుగుటకును అమైనో ఆమ్లముల పొడి తప్పదని తలచి, వారు డబ్బాలకై ఇంటి పెద్దలను సొమ్మడుగుచున్నారు. ఈయవలెనా, వలదా యని మీరు విచారించుటకు తోడ్పడుటయే నా యుద్దేశము.

మనము భుజించు మాంసకృత్తులు జీర్ణమై అమైనో ఆమ్లములుగా విడిపోవును. వీనితోనే దేహము కండను నిర్మించుకొనును. ఇవి ఇరువది రకములు. అందు తొమ్మిదింటిని ఆహారమునుండియే పొందవలయును. పొడులలో విశేషముగా అమ్మబడు ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అను మూడును ఈ తొమ్మిదిలోనివే. తక్కినవి లేక ఈ మూడే కండను నిర్మింపజాలవు.

ల్యూసిన్ విషయమున మన హైదరాబాదులోనే పరిశోధన జరిగినది. పూర్వము దక్కనులో జొన్నయే ప్రధానాహారముగా గల పేదలకు పెల్లగ్రా అను వ్యాధి కలుగుచుండెను. ఎండ తగులు మెడ, చేతులు నల్లబారి పొట్టు లేచును. విరేచనములు, మతిభ్రమయు కలుగును. జొన్నలో ల్యూసిన్ మితిమీరి యుండుటయే హేతువని 1960లో డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకాంతియాగారలు ప్రతిపాదించిరి. ఆ వాదమును పండితులందఱు అంగీకరింపలేదు. అయినను కావలసినది ఒక్కదాని హెచ్చు గాదు, అన్నిటి పొందిక యను విషయమును అది మన ముందుంచినది. జొన్న చెడ్డదని భావింపరాదు. పప్పు, ఆకుకూర, పాలు జతగూడిన జొన్నరొట్టె మంచి ఆహారమే.

ఆ పొందిక మన వంటయింటనే యున్నది. ధాన్యములలో లైసిన్ కొఱత, పప్పులలో మెథియోనిన్ కొఱత. రెండును గలసిన ఒకదాని లోటును మఱియొకటి తీర్చును. మూడు పాళ్ల ధాన్యమునకు ఒక పాలు పప్పు చేర్చిన మేలైన మాంసకృత్తులు లభించునని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో తెలిపి, కండకై పొడులు వలదని హితవు చెప్పినది. వయోజనునకు దినమునకు దేహభారము కిలో యొక్కింటికి 0.83 గ్రాము చాలును. అనగా 60 కిలోల వానికి సుమారు 50 గ్రాములు. గట్టి వ్యాయామము చేయువానికి కొంత హెచ్చు కావలయును. దానిని పప్పు, గ్రుడ్డు, పెరుగు, వేరుసెనగ తీర్చగలవు. మూత్రపిండవ్యాధి గలవారు వైద్యుని అడుగక పొడిని ముట్టరాదు.

కావున పిల్లవానిని కసరకుడు; వ్యాయామము మానుమనకుడు. డబ్బాకీయదలచిన సొమ్ముతో పప్పు, గ్రుడ్లు, పాలు తెప్పించి, వానికి కంటినిండ నిద్ర యుండునట్లు చూడుడు. అలసట తీరుటకు నిద్రను మించినది లేదు.