టర్బో కారు బలం తగ్గినప్పుడు



తిరువళ్ళూరు జిల్లావాసులకు టర్బో అనే మాట ఇప్పుడు కొత్తది కాదు. 1998లో హిందుస్థాన్ మోటార్స్ వారు మిత్సుబిషి లాన్సర్ కార్ల నిర్మాణం ఆరంభించిన తిరువళ్ళూరు కర్మాగారంలోనే 2022 నుండి సిట్రోయెన్ సీ3 కార్లు తయారవుతున్నాయి. వాటిలో 1.2 లీటర్ల మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజను గలవీ ఉన్నాయి. దక్షిణాన శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్, ఒరగడంలో నిస్సాన్, ఆంధ్ర వైపు పెనుకొండలో కియా, ఇలా చుట్టుపక్కల కర్మాగారాలన్నీ చిన్న ఇంజనుకు టర్బో తగిలించి పెద్ద ఇంజను బలాన్ని రాబట్టే కార్లను తయారు చేసినవే. కొన్నవారు వేలల్లో ఉన్నారు. కాని ఆ బలం ఒకనాడు హఠాత్తుగా తగ్గితే ఎక్కడ వెతకాలో తెలిసినవారు తక్కువ. ఆ తెలియనితనానికి చెల్లించే మూల్యం మాత్రం ఎక్కువ.

ఒక ఊహాదృష్టాంతాన్ని తీసుకోవచ్చు. పొన్నేరిలో కాపురముండి కాట్టుపల్లి రేవులో పనిచేసే ఒక ఉద్యోగి రోజూ మీంజూరు మీదుగా తన టర్బో పెట్రోలు కారులో వెళ్తుంటాడు. ఆ దారిలో ముందూ వెనుకా కంటెయినర్ లారీలే. ఒక ఉదయం ఒక లారీని దాటబోయి యాక్సిలరేటర్ తొక్కుతాడు. కారు ఊపందుకోదు. ఎదుట మరో లారీ వస్తున్నది. ఎలాగో వెనక్కు తగ్గి ఎడమవైపు చేరతాడు. ఇంజను బొమ్మ గల పసుపు దీపం వెలుగుతుంది. సాయంత్రం మెకానిక్కు బానెట్ ఎత్తి, రెండుసార్లు ఇంజనును రేజ్ చేసి, "టర్బో పోయిందన్నా, కొత్తది వెయ్యాల" అంటాడు. టర్బో మొత్తం మార్చడం సామాన్య ఉద్యోగికి నెలల జీతం. ఆ మాట నిజమా కాదా అని ఆ యజమాని ఎలా తేల్చుకోవాలి? ఈ ప్రసంగానికి విషయం అదే.

ముందుగా పనితీరు కొంత. ఇంజను నుండి వెలువడే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తి, ఇంజనులోకి నెడుతుంది. ఈ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరుగుతుంది. దీనిని అదుపు చేయకపోతే ఇంజను తట్టుకోలేనంత గాలి లోపలికి పోతుంది. అందుకే పొగ దారిలో ఒక పక్కదారి, దానికొక చిన్న తలుపు అమర్చారు. దాని పేరు వేస్ట్‌గేట్. చెరువుకు అలుగు ఏమిటో టర్బోకు వేస్ట్‌గేట్ అది. నెల్లూరు, చిత్తూరు వైపు రైతులు దానినే కలుజు అంటారు. 1996 నుండి కండలేరు మీదుగా కృష్ణా జలాలు వచ్చి చేరుతున్న పూండి జలాశయాన్ని చూసినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. నీరు నిండినప్పుడు తలుపులు ఎత్తితే మిగులు నీరు కుశస్థలి నదిలోకి దిగి, చివరకు కాట్టుపల్లి పక్కనే ఎన్నూరు ముఖద్వారం చేరుతుంది. తలుపు తెరుచుకోకపోతే కట్టకు ముప్పు. తలుపు మూసుకోకపోతే జలాశయం నిండదు. వేస్ట్‌గేట్ వ్యాధులు కూడా ఈ రెండే. తెరుచుకోనిది ఇంజనుకు ప్రమాదం, మూసుకోనిది బలహీనత.

బ్లో ఆఫ్ వాల్వ్ పని వేరు. అది పొగ దారిలో కాదు, గాలి దారిలో ఉంటుంది. వేగంగా పోతూ యాక్సిలరేటర్ వదిలితే ఇంజను ద్వారం మూసుకుంటుంది, టర్బో మాత్రం ఇంకా గాలి నెడుతూనే ఉంటుంది. మంచినీటి పంపు గొట్టాన్ని ఉన్నట్టుండి కట్టివేస్తే గొట్టమంతా దభాలున అదరడం పురపాలక నీటి సరఫరా సిబ్బందికి అనుభవమే. ఇక్కడా అంతే. మూసిన ద్వారానికి తగిలిన గాలి వెనుదిరిగి టర్బో చక్రాన్ని కొడుతుంది. ఆ దెబ్బ తగలకుండా వాల్వ్ క్షణకాలం తెరుచుకుని గాలిని విడిచిపెడుతుంది. కర్మాగారం నుండి వచ్చిన కార్లలో అధికభాగం ఆ గాలిని బయటకు వదలక, టర్బో ముందున్న గొట్టంలోకే తిరిగి పంపుతాయి. కనుక చప్పుడు దాదాపు వినిపించదు.

కాట్టుపల్లి దారిలో లారీలు "ఛుస్స్" మని విడిచే గాలిని విని, అదే బ్లో ఆఫ్ వాల్వ్ అనుకునే కుర్రవాళ్ళు ఉన్నారు. అది గాలి బ్రేకుల చప్పుడు. డీజిల్ ఇంజను పెట్రోలు ఇంజనులా గాలి ద్వారాన్ని మూసి వేగం తగ్గించదు కాబట్టి దానికి సాధారణంగా ఈ వాల్వ్ అవసరమే లేదు. డీజిల్ కారుకు చప్పుడు కోసం ఒక పెట్టె తగిలించుకోవడం కాళ్ళకు లేని గజ్జెల మోత స్పీకర్లో వినిపించడమే.

ఇక పొన్నేరి ఉద్యోగి కారు దగ్గరకు తిరిగి వెళ్ళాలి. అడగవలసిన మొదటి ప్రశ్న "ఏ భాగం చెడింది?" కాదు. "గాలి ఒత్తిడి నిజంగా తగ్గిందా, లేక కారే దానిని తగ్గించుకున్నదా?" అన్నది. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ తొలి టర్బో కార్లలో ఒకటి. ఇంజను కొట్టుకోకుండా అందులో నీరు, మెథనాల్ కలిసిన ద్రవం పోయవలసి ఉండేది. ద్రవం అయిపోతే యంత్రాంగమే ఒత్తిడిని తగ్గించేది. చాలామంది యజమానులు ఆ ద్రవం పోయడం మరచి, బలం పోయిందని వాపోయారు. చివరకు తయారీదారులే టర్బో తీసి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చారు. నేటి కార్లలోనూ కంప్యూటరుకు ఏదైనా సందేహం కలిగితే లింప్ మోడ్ అనే రక్షణ స్థితికి మారి, వేస్ట్‌గేట్‌ను కావాలనే తెరిచి ఉంచుతుంది. అప్పుడు తలుపు తెరిచి ఉండడం ఫలితమే గాని కారణం కాదు.

అందుచేత స్కానర్ తగిలించడం మొదటి పని. పీ 0299 అన్న కోడ్ ఒత్తిడి తక్కువని, పీ 0234 ఒత్తిడి మితిమీరిందని, పీ 0243 వేస్ట్‌గేట్ సోలినాయిడ్ విద్యుత్ వలయంలో లోపమని తెలుపుతాయి. ఇవి జ్వరం అని చెప్పే మాటలవంటివి. ఏ జ్వరమో చెప్పవు. కోడ్ చూడగానే ఆ పేరుగల భాగాన్ని కొనడం తప్పు.

స్కానర్‌లోనే మరొక పరీక్ష ఉంది. ఖర్చు లేనిది, చాలామంది చేయనిది. ఇంజను ఆపి, తాళం మాత్రం తిప్పి, ఇంజనులోకి పోయే గాలి పీడనం ఎంత చూపుతున్నదో చూడాలి. కాట్టుపల్లి సముద్ర మట్టానికి దాదాపు సమానం కనుక అక్కడ ఆ అంకె 100 లేదా 101 కిలోపాస్కల్ దగ్గర ఉండాలి. 85 చూపితే టర్బోకు నింద మోపక ముందు సెన్సర్‌నూ, దాని తీగనూ అనుమానించాలి. మరొక పొరపాటు కూడా ఇక్కడే జరుగుతుంది. వేగంలో స్కానర్ 180 చూపితే టర్బో 1.8 బార్ ఇస్తున్నదని కొందరు సంబరపడతారు. బయటి గాలి ఒత్తిడి 100 అందులో కలిసే ఉంది. టర్బో ఇచ్చింది 0.8 బార్ మాత్రమే.

అంకె సరిగా ఉంటే తరువాత గొట్టాలు. టర్బో నుండి ఇంటర్‌కూలర్‌కు, అక్కడినుండి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టాల కింది భాగంలో పగుళ్ళు కంటికి కనిపించవు. ఇంజను మామూలుగా తిరుగుతున్నప్పుడు పగులు మూసుకుని ఉంటుంది. భారం పడినప్పుడే తెరుచుకుంటుంది. అందుకే వర్క్‌షాపులో బాగున్న కారు రోడ్డు మీద మొరాయిస్తుంది. వేగం పుంజుకునేటప్పుడు వినబడే ఈలవంటి శబ్దం, క్లిప్ చుట్టూ నూనెతో తడిసిన దుమ్ము దీనికి గుర్తులు. ఇంజను చల్లగా, ఆపి ఉన్నప్పుడు పొగ యంత్రంతో పరీక్షిస్తే చోటు బయటపడుతుంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్‌ను నేరుగా ఈ గొట్టాలకు పెట్టడం మాత్రం ఎన్నడూ చేయరాదు. ఆ ఒత్తిడికి బాగున్నవీ పగులుతాయి.

వేస్ట్‌గేట్ పరీక్షలో ఎక్కువమంది తడబడేది ఒక్కచోట. దాన్ని కదిలించే పద్ధతి అన్ని కార్లలో ఒకటి కాదు. కొన్నింటిలో టర్బో ఒత్తిడే స్ప్రింగును నెట్టి తలుపు తెరుస్తుంది. అక్కడ సన్నని గొట్టం ఊడినా, లోపలి పొర చిరిగినా తలుపు తెరుచుకోదు, ఒత్తిడి మితిమీరుతుంది. మరికొన్నింటిలో వాక్యూమ్ తలుపును మూసి పట్టుకుంటుంది. అక్కడ అదే గొట్టం ఊడితే తలుపు తెరుచుకుని ఉండిపోతుంది, బలం తగ్గుతుంది. ఒకే లోపం, రెండు వ్యతిరేక ఫలితాలు. తన కారు ఏ పద్ధతిదో తెలుసుకోకుండా పక్కవాడి అనుభవాన్ని నమ్మితే దారి తప్పడం ఖాయం. మొదటి రకానికి చేతిపంపుతో కొద్దికొద్దిగా గాలి ఎక్కించి, తయారీదారు చెప్పిన ఒత్తిడి దగ్గర కడ్డీ కదులుతున్నదా, కదిలాక ఆ ఒత్తిడి నిలుస్తున్నదా అని చూడాలి. రెండవ రకానికి వాక్యూమ్ పంపుతో అదే పరీక్ష. మూడవ రకం కొత్తది, చిన్న మోటారుతో నడిచేది. దానిని చేతితో బలవంతంగా తోయరాదు, లోపలి పళ్ళు విరుగుతాయి; స్కానర్ ద్వారానే తెరిచి మూసి చూడాలి. మార్చితే స్కానర్‌తో కొత్తగా స్థానం నేర్పాలి.

తలుపు సరిగా మూసుకుంటున్నా, దాని పిడికి అరుగుదల వస్తే తేలికగా నడుపుతున్నప్పుడు డబ్బాలో చిల్లర నాణేలు కదిలినట్టు గలగలమంటుంది. ఈ శబ్దాన్ని సైలెన్సర్ రేకు వదులైందని భావించి నెలల తరబడి వదిలేస్తారు. సముద్రపు ఉప్పుగాలి తగిలే చోట కడ్డీ కీలు తుప్పు పట్టి బిగుసుకోవడమూ, విద్యుత్ కనెక్టర్లలో ఆకుపచ్చని మడ్డి చేరడమూ ఉంటాయి. కాట్టుపల్లి ఒకవైపు బంగాళాఖాతం, మరొకవైపు బకింగ్‌హామ్ కాలువ నడుమ ఉన్న ఊరు. అక్కడ రోజంతా నిలిపే కారుకు కనెక్టర్ విప్పి చూడడం భాగం మార్చడానికి ముందు జరగాలి.

బ్లో ఆఫ్ వాల్వ్ సంగతి కొంత సులభం. లోపలి పొర చిరిగితే ఒత్తిన గాలి తిరిగి టర్బో ముందుకే జారిపోతుంది. బయటికి ఏ శబ్దమూ రాదు గనుక గొట్టాలన్నీ బాగున్నా బలం లేకపోవడం వింతగా తోస్తుంది. వాల్వ్ విప్పి వాక్యూమ్ పంపు పెడితే ముల్లు నిలబడాలి. జారిపోతే పొర పోయినట్టే. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పావురం రెక్కలు కొట్టుకున్నట్టు పదేపదే చప్పుడైతే వాల్వ్ తెరుచుకోవడం లేదనుకోవాలి. టర్బో వెల ముందు ఈ వాల్వ్ వెల చాలా తక్కువ.

టర్బోయే నిజంగా పోయిన సందర్భాలూ ఉన్నాయి. గాలి గొట్టం విప్పి ఇరుసును వేలితో కదిపితే చక్రం గోడకు తగలడం, చక్రపు రెక్కలు విరిగి ఉండడం, సైలెన్సర్ నుండి నీలి పొగ విడవకుండా రావడం దానికి గుర్తులు. గొట్టం లోపల పలుచని నూనె తడి మాత్రం గుర్తు కాదు. అది చాలా ఇంజన్లలో ఉండేదే.

కొందరు బలం కోసం వేస్ట్‌గేట్ కడ్డీ మరను బిగించి, లేక చప్పుడు కోసం గాలిని బయటకు వదిలే వాల్వ్ పెట్టి, తరువాత కారు ఆగిపోతున్నదని వస్తారు. గాలిని కొలిచే సెన్సర్ టర్బోకు ముందు ఉన్న కారులో కంప్యూటరు కొలిచిన గాలి బయటకు పోతే, ఆ లెక్కకు పోసిన పెట్రోలు మిగిలిపోతుంది. కూడలి దగ్గర వేగం తగ్గించగానే ఇంజను ఆగడానికి, నల్లపొగకు కారణం అదే. మర బిగించినది మరింత ప్రమాదకరం. ఇంజను కొట్టుకుని పిస్టన్ దెబ్బతినవచ్చు. పైగా నమోదు పత్రంలోని తయారీ వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిషేధించింది. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించి నడిపితే 190వ సెక్షన్ వర్తిస్తుంది.

పొన్నేరి ఉద్యోగి మరునాడు మెకానిక్కుతో మర్యాదగానే మాట్లాడతాడు. "తమ్ముడూ, టర్బో మార్చేముందు స్కానర్‌లో ఒత్తిడి ఎంతుందో చూపించు, గొట్టాలకు పొగ పెట్టి చూద్దాం" అంటాడు. తాళం తిప్పితే అంకె 101. పొగ పెట్టిన మూడు నిమిషాలకు ఇంటర్‌కూలర్ దిగువన, క్లిప్ కింద, రబ్బరు పగులు నుండి తెల్లని తీగలా పొగ పైకి లేస్తుంది. గొట్టం, క్లిప్ మార్చి, కోడ్ తుడిచి, లారీలు లేని ఖాళీ దారిలో పక్కన మరొకరిని కూర్చోబెట్టి స్కానర్ చదివిస్తాడు. కంప్యూటరు కోరిన ఒత్తిడి, టర్బో ఇచ్చిన ఒత్తిడి తెరమీద ఒకదాని వెంట ఒకటి పైకి పోతాయి. ఆ రెండు అంకెలనూ, తేదీనీ, కిలోమీటర్లనూ బిల్లు వెనుక రాయించుకుని జేబులో పెట్టుకుంటాడు.