ద్వారం కాచేవాడి చోటు

ఇది మా మాస్టారి స్మారకోపన్యాసం. ఆయన పాండిత్యం మీకు తెలియనిది కాదు. నాకు గుర్తున్నది వేరు. ఎండలో టేపు కొస నా చేతికిచ్చి, గోడ అవతలికి వెళ్ళి, అక్కణ్ణుంచి కొలత కేకేసి చెప్పేవారు. నాకు కోటలు కొలవడం అలాగే వచ్చింది. ఒక్క విషయంలో మాత్రం చివరిదాకా మా ఇద్దరికీ పొసగలేదు. ఈ సాయంత్రం ఆ తగువే మీ ముందు పెడుతున్నాను.

ఓరుగల్లు కీర్తితోరణాలు, గోల్కొండ దర్వాజాలు, చార్‌కమాన్ మీద పుస్తకాలున్నాయి. వాటి జోలికి పోను. నా పేచీ సంస్థానాల, జమీందారీల ముఖద్వారాల గురించి. గుండ్రటి స్తంభాలు, వాటి నెత్తిన త్రికోణపు కప్పు కనిపిస్తే చాలు, మన చరిత్రకారులు “దొరల అనుకరణ” అని రాసేసి ముందుకు పోతారు. మాస్టారూ అదే రాశారు. స్తంభాల వరకు అది నిజమే. కానీ తలుపు తీసే మనిషిని ఎక్కడ ఉంచారు? ద్వారం ఎవరిదో తేల్చే ప్రశ్న అది.

రాబర్ట్ ఆడమ్ 1773లో లండన్ దగ్గర సయన్ హౌస్‌కు కట్టిన ద్వారం చూడండి. నడుమ సింహం నిలిచిన కమాను, అటూ ఇటూ స్తంభాల వరస, కొసల్లో చెరో కాపలా ఇల్లు. ఇంగ్లండు ఎస్టేట్లలో ఇలాంటి జంట ఇళ్ళు ఎన్నో లేచాయి. రెండువైపులా సమానంగా కనిపించాలన్న పట్టింపుతో, ఒకే కుటుంబం ఒక గదిలో వండుకుని, బాట దాటి రెండో గదిలో పడుకున్న చోట్లున్నాయి. అక్కడ కాపలావాడు ద్వారానికి పక్కన ఉన్నాడు.

మన దగ్గర? విజయనగరం కోటకు 1713లో పునాది వేశారు. దాని ప్రధాన ద్వారాన్ని నగారాఖానా అంటారు. రాజాజ్ఞ అయినా, పెద్దల రాక అయినా అక్కణ్ణుంచే నగారా మోగేది. గడుల్లోనూ కోటల్లోనూ ద్వారం మందంలోనే అటూ ఇటూ అరుగులుంటాయి. కాపలావాడు కూచునేది అక్కడే. వచ్చినవాడు అతని కళ్ళముందు నుంచే లోపలికి పోవాలి. ముందువైపు గార స్తంభాలు తర్వాత అతికించినా ఈ అమరిక మారలేదు.

“నగారాఖానా మొగలాయీలది కదా” అని మాస్టారు అడ్డు తగిలేవారు. కావచ్చు, దొరలది మాత్రం కాదు. హైదరాబాదు రెసిడెన్సీని చూపేవారు. దాన్ని శామ్యూల్ రస్సెల్ రచించాడు, ముఖమండపానికి ఆరు కొరింథియన్ స్తంభాలు పెట్టాడు, నిజమే. కానీ అది కంపెనీ రెసిడెంటు నివాసం. దొర కట్టుకున్న ఇంటిని చూపి సంస్థానాధీశుడు అనుకరించాడని రుజువు చేయలేం. పైగా 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ దాని మీదికి దండెత్తాక, ఆ దొరలకే తమ ప్రహరీ గట్టిది కాదని తెలిసొచ్చింది.

ముఖం చూసి తీర్పు చెప్పడం మానాలి, నేల మీద గీసిన ప్లాను చూడాలి. నేనిప్పుడు చేస్తున్న పని అదే, అది నన్ను మీ ఊరి లాకుల దాకా తెచ్చింది. ఎగువ గోదావరిలో పడవలు నడపాలని ఇంజనీరు హేగ్ ఆధ్వర్యంలో పని జరిగింది. ఆ దారిలోని మూడు అడ్డంకుల్లో మొదటిది మీ దుమ్ముగూడెం. 1871లో ప్రభుత్వం ఆ పథకాన్ని ఆపేసింది. లాకుకూ తలుపులున్నాయి, తీసే మనుషులున్నారు. సంస్థానపు దేవిడీ పక్కన లాకును పెట్టి చదివితేనే కాపలా చరిత్ర పూర్తవుతుంది. దిగువన సీతమ్మసాగర్ బ్యారేజీ లేస్తోంది. ఈలోగానే పాత కట్టడాలన్నింటికీ కొలతలు తీయాలి.

మీ ఇళ్ళలో లస్కర్లుగానో, గడి కాపలావాళ్ళుగానో పనిచేసిన పెద్దలుంటే, వాళ్ళు ఎక్కడ పడుకున్నారో, ఎక్కడ వండుకున్నారో నాకు చెప్పండి. రాసుకోవడానికి వస్తాను.