"మంచిగున్న" అనే మాట వెనుక
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనుషులు తీవ్రమైన బాధను ఎలా తట్టుకుంటారో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూడడం నా పని. "బాధకు కూడా లెక్కలుంటయా?" అని మన లెక్కల సారు ఇందాక అడిగారు. సారు నేర్పిన చక్రవడ్డీ పద్ధతిలోనే చెబుతాను.

ఈ రోజు బాధ 100 అనుకుందాం. రోజూ అందులో 90 శాతం మిగులుతుంటే వారానికి 48 ఉంటుంది. 70 శాతమే మిగులుతుంటే 8కి దిగుతుంది. దెబ్బ ఒక్కటే. తేడా అంతా ఆ మిగులులోనే.

ఆ మిగులు దేన్నిబట్టి ఉంటుంది? మన సిరిసిల్లనే చూడండి. బీడీలు చేసే ఆడవాళ్లు నలుగురు ఒకచోట కూర్చుంటారు. చేతులు తునికాకు కత్తిరిస్తుంటే నోరు ఇంటి కష్టం చెప్పుకుంటుంది. మరమగ్గాల షెడ్డులో ఆ చప్పుడుకు పక్కవాని మాటే వినపడదు. అప్పు మాత్రం ఇద్దరిదీ.

మగవాళ్లు భావాలను పైకి కనపడకుండా ఎక్కువగా అణచుకుంటారని జేమ్స్ గ్రాస్, ఆలివర్ జాన్ 2003లో చూపారు. అణచుకుంటే లోపలి బాధ తగ్గదని, శరీరం మీద భారం పెరుగుతుందని గ్రాస్ అంతకుముందే ప్రయోగాల్లో గమనించారు. ఆడవాళ్లకూ ఒక చిక్కుంది. జరిగినదాన్నే పదే పదే తలపోయడం వాళ్లలో ఎక్కువని, అది కుంగుబాటును పొడిగిస్తుందని సుసాన్ నోలెన్ హోక్సెమా చెప్పారు. ఇవన్నీ సగటులే. ఏ ఒక్కరి నుదుటి రాతా కాదు.

మొదట్లో నా నమూనా ఒక తప్పు చేసింది. అది చెప్పిన మాటలనే లెక్కగట్టేది కాబట్టి, ఏమీ చెప్పనివాళ్లను బాగున్నవాళ్లలో కలిపింది. 2022లో దేశంలో 1,70,924 ఆత్మహత్యలు నమోదయ్యాయి. వారిలో 100కు దాదాపు 72 మంది పురుషులు. ఇప్పుడు ఆడా మగా అన్న గడి కంటే, "కష్టం చెప్పుకునే మనిషి ఉన్నారా?" అన్న గడికే ఎక్కువ విలువ ఇస్తున్నాను.

మా బ్యాచ్ మిత్రుడొకడు కలిసినప్పుడల్లా "మంచిగున్న" అనేవాడు. నేనూ నమ్మిన. ఈ రోజు వాని కుర్చీ ఖాళీగా ఉంది.

టీచర్లకు ఒక మనవి. "మగపిల్లగానివి, ఏడుస్తవురా?" అనే మాట మన బడిలో ఇక వినపడొద్దు. మిత్రులారా, "మంచిగున్న" అంటే ఇంకోసారి అడగండి. ఎవరికీ చెప్పుకోలేనివాళ్లకు టెలి మానస్ 14416 రాత్రీ పగలూ ఉంది.

సెలవు.