దగ్గితే తడుస్తోందా? దాచుకోకండి
(ఆమదాలవలసలో తల్లులకు చేసిన ప్రసంగం)

దగ్గినా, తుమ్మినా, వరిమోపు నెత్తికెత్తుకున్నా మూత్రం పడిపోతోందని సిగ్గుపడి పేరంటాలకు వెళ్లడం మానేసినవాళ్లు మీలో ఉన్నారు. కు.ని. ఆపరేషన్ వల్లే వచ్చిందంటారు. కాదమ్మా. కాన్పుల్లో మూత్రనాళానికి ఆసరా ఇచ్చే కండరాలు సాగిపోవడం ముఖ్య కారణం.

ముందే కోత వద్దు. ఒంటికి ఆపుకున్నట్టు ఆ కండరాలను బిగించి వదలండి. పూటకు 8 సార్లు, రోజుకు 3 పూటలు, 3 నెలలు. ఒంటికి పోసేటప్పుడు మాత్రం చెయ్యకండి. చాలామందికి దీనితోనే గుణం కనిపిస్తుంది.

తగ్గకపోతే ఆపరేషన్. 1961లో బర్చ్ అనే డాక్టరు చెప్పిన పద్ధతిలో నాళం పక్కనున్న భాగాన్ని పైకి లాగి కుట్లు వేస్తారు. ఇంకోదానిలో మీ పొత్తికడుపు పొరనే పట్టీగా తీసి నాళం కింద ఊయలలా కడతారు. ఆసరా గట్టిదే, అయితే కొందరికి తరువాత మూత్రం సాఫీగా రాదు. 1990లలో వచ్చిన ప్లాస్టిక్ వల పట్టీకి కోత చిన్నది, ఇంటికి త్వరగా పంపుతారు. కాని లోపల ఒరుసుకుంటే పూర్తిగా తీయడం కష్టం. ఇంగ్లండులో 2018లో దాని వాడకాన్ని కట్టడి చేశారు. అందుకే "పట్టీ దేనితో వేస్తారు బాబూ?" అని డాక్టరుగారిని మొహమాటపడకుండా అడగండి.

ఇంకా బిడ్డల్ని కనే ఉద్దేశం ఉంటే ఆపరేషన్‌కు తొందరపడకండి. మళ్లీ కాన్పయితే బిగించినది సడలవచ్చు. ముందు ఆ సంగతి మీ ఆయనతో తేల్చుకుని రండి.