క్యాజువాల్టీలో సిస్టర్ ముందు ఎవర్ని చూస్తుంది?

ఈరోజు ఎపిసోడ్‌లో గ్రాఫిక్స్ పెద్దగా ఉండవు, ఎడిటింగ్ కూడా తక్కువే. కూర్చుని మాట్లాడతా, అంతే. నాలుగేళ్లుగా ఈ టాపిక్ చేద్దామనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చా. కారణం సింపుల్. ఇందులో నేను సిగ్గుపడాల్సిన విషయం ఒకటుంది.

అప్పుడు నేనింకా జాబ్‌లో ఉన్నా. ఓ ఆదివారం రాత్రి నేనూ మా రూమ్‌మేటూ చెరో బైక్ మీద విజయవాడ హైవేలో హైదరాబాద్ వస్తున్నాం. రోడ్డు మీద ఇసుక ఉంది, వాడి బండి స్కిడ్ అయింది. ఎడమ చెయ్యి విరిగింది, పిక్క మీద లోతుగా చీరుకుపోయింది. రక్తం చూసి నాకు కాళ్లు చల్లబడ్డాయి. 108 వచ్చింది, దగ్గర్లో ఉన్న హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. వాడు దారి పొడుగునా ఒకటే అరుపులు.

క్యాజువాల్టీలో ఉన్నది ఒక డాక్టర్, ఇద్దరు సిస్టర్లు. ఒక సిస్టర్ వచ్చి "పేరేంటి బాబూ?" అని అడిగింది. వాడు చెప్పాడు. మణికట్టు పట్టుకుని చూసింది, గోరు నొక్కి వదిలింది, కాలి వేళ్లు కదిలించమంది. పిక్క మీద మందంగా ప్యాడ్ పెట్టి, నా చెయ్యి దాని మీద పెట్టి, "గట్టిగా నొక్కి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడొద్దు" అంది. "యాక్సిడెంట్ ఎన్ని గంటలకు జరిగింది?" అని అడిగింది. చెప్పా. వెళ్లిపోయింది. మొత్తం కలిపి నిమిషం కూడా పట్టలేదు.

వెళ్లింది పక్క స్ట్రెచర్ దగ్గరికి. అక్కడ ఒక లారీ క్లీనర్. ఒంటి మీద ఎక్కడా రక్తం లేదు. అరవట్లేదు, ఏడవట్లేదు. కళ్లు సగం తెరుచుకుని పైకప్పు చూస్తున్నాడు. ఇద్దరు సిస్టర్లూ, డాక్టరూ ఆయన దగ్గరే. నాకు మండిపోయింది. మావాడు ఇక్కడ చచ్చిపోతుంటే వీళ్లేంటి, ఏమీ కాని మనిషి చుట్టూ మూగారు? అరిచా. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆఖరికి ఒక మాట అన్నా: "సిస్టర్, డబ్బులు మేం కడతాం, ముందు మావాణ్ని చూడండి."

ఆమె తల తిప్పి ఒక్క చూపు చూసింది. ఏమీ అనలేదు. మళ్లీ తన పనిలో పడిపోయింది.

ఆ మాట ఇప్పటికీ చెవిలో మోగుతూ ఉంటుంది. సరే, ఆ రాత్రి అసలు ఏం జరిగిందో నాకు అర్థమైంది చాలా కాలం తర్వాత. మా పెద్దమ్మ కూతురు ఎమర్జెన్సీలో స్టాఫ్ నర్సు. ఒక పెళ్లిలో కూర్చుని ఇదంతా చెప్పా, సానుభూతి చూపిస్తుందని. అక్క భోజనం ఆపి అంది, "ఒరేయ్, అరుస్తున్నాడంటే గాలి ఆడుతున్నట్టే కదరా. అరవలేనోడి సంగతేంటి?"

దీన్ని మన భాషలో చెప్తా. ఆన్‌కాల్ చేసిన వాళ్లకు తెలుస్తుంది. క్లయింట్ మెయిల్ అంతా పెద్దక్షరాల్లో పెట్టి, పది మందిని సీసీలో వేస్తాడు. తీరా చూస్తే ఒక బటన్ రంగు తేడా. అదే టైంలో ఎక్కడో ఒక సర్వర్ లాగ్స్ పంపడం మానేసి ఉంటుంది. ఎర్రర్ కూడా ఉండదు. నిశ్శబ్దం. పోయేది అదే.

ఆ సిస్టర్ మావాణ్ని వదిలేసి వెళ్లలేదు. ఆ నిమిషంలో ఆమె చేసింది మొత్తం చెకింగే. పేరు చెప్పాడంటే శ్వాసదారి తెరిచి ఉంది, మెదడుకు రక్తం అందుతోంది. మణికట్టు దగ్గర నాడి బలంగా ఉంది. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగొచ్చింది, అంటే చివరిదాకా రక్తం వెళ్తోంది. వేళ్లు కదిలాయి. కారుతున్న రక్తానికి నా చెయ్యి అడ్డుపెట్టింది. ఖాళీగా నిలబడి అరుస్తున్నవాడికి ఒక పని కూడా అప్పజెప్పింది, అది కూడా చూడండి.

ఇక క్లీనర్ విషయం. పెద్దవాళ్ల ఒంట్లో రక్తం సుమారు ఐదు లీటర్లు. అందులో లీటరున్నర దాకా పోయినా వయసులో ఉన్న మనిషికి బీపీ నార్మల్‌గానే కనిపించొచ్చు. ఎందుకంటే శరీరం సర్దుకుంటుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె వేగం పెంచుతుంది. అంటే బీపీ కంటే ముందు మారేవి వేరే ఉన్నాయి: నాడి వేగం, ఊపిరి వేగం, చల్లటి చెమట, పాలిపోయిన చర్మం, కంగారు, ఆ తర్వాత మగత. బీపీ పడిపోయే టైంకి ఆట చివరి ఓవర్లో ఉన్నట్టు. పొట్టలోనో, కటి ఎముక దగ్గరో, ఛాతీలోనో రక్తం కారుతుంటే బయటికి చుక్క కూడా రాదు. తొడ ఎముక ఒక్కటి విరిగితేనే లీటరు పైన లోపలే పోవచ్చు. ఆ మనిషి లారీ డ్యాష్‌బోర్డుకి గుద్దుకున్నాడు. అక్క విని, "కడుపులో బ్లీడింగ్ అయ్యుంటుంది" అంది.

ట్రామా కేసులో చూసే వరుస ప్రపంచమంతా దాదాపు ఒకటే. ధారగా పోయే రక్తం ఉంటే ముందు అది ఆపాలి. తర్వాత మెడ కదలకుండా పట్టుకుని శ్వాసదారి. తర్వాత ఊపిరి, రక్తప్రసరణ, స్పృహ, చివరగా బట్టలు కత్తిరించి ఒళ్లంతా ముందూ వెనకా చూడటం. ఇంగ్లీషు అక్షరాల్లో ఏ బీ సీ డీ ఈ అని గుర్తుపెట్టుకుంటారు. ఒక మెట్టులో సమస్య దొరికితే అక్కడే సరిచేస్తారు. మధ్యలో పేషెంట్ పరిస్థితి మారిందా, మళ్లీ మొదటి అక్షరం నుంచి.

నాకు ఆశ్చర్యమేసింది చివరి మెట్టు. బట్టలు తీసేశాక వెంటనే దుప్పటి కప్పాలట. మన ఎండల్లో దుప్పటెందుకు అనిపిస్తుంది. కానీ ఏసీ గది, రక్తంతో తడిసిన బట్టలు, పైనుంచి నరంలోకి ఎక్కే చల్లటి సెలైన్. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. గడ్డకట్టకపోతే ఇంకా పోతుంది. పోయేకొద్దీ ఒంట్లో ఆమ్లం పెరుగుతుంది, దాంతో గడ్డకట్టడం ఇంకా కష్టం. ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి. ఈ చక్రాన్ని ఆపడంలో దుప్పటి కప్పే చెయ్యికి ఉన్న విలువ మనకు కనిపించదు.

ఇంకోటి, టైం. ఆ సిస్టర్ నన్ను యాక్సిడెంట్ టైం మూడుసార్లు అడిగింది. "ఎన్నిసార్లు చెప్పాలి?" అని విసుక్కున్నా. ట్రానెక్సామిక్ యాసిడ్ అని ఒక మందుంది, చవకైనదే, రక్తం గడ్డ కరిగిపోకుండా చూస్తుంది. క్రాష్-2 అనే పెద్ద పరిశోధన, 20 వేల మందికి పైగా గాయపడిన వాళ్ల మీద చేసింది, 2010లో వచ్చింది. ఈ మందు మరణాలు తగ్గిస్తుందని తేలింది. ఆ తర్వాత అవే లెక్కలు విడదీసి చూస్తే, గాయమైన మూడు గంటల్లోపు ఇస్తేనే ఉపయోగం, దాటాక ఇస్తే నష్టం కూడా చేయొచ్చని బయటపడింది. అంటే "సుమారు ఎనిమిదింటికనుకుంటా" అనే నా జవాబు ఆమెకు సరిపోదు. ఇక్కడ టైంస్టాంప్ ఒక మందు ఇవ్వాలా వద్దా నిర్ణయిస్తుంది.

స్పృహకి స్కోర్ ఉంటుంది. గ్లాస్గో కోమా స్కేల్, 1974లో గ్లాస్గో డాక్టర్లు ఇద్దరు తయారుచేసింది. 3 నుంచి 15 దాకా. ఒకసారి 14 వచ్చిందంటే దాంతో తెలిసేది కొంతే. అరగంట తర్వాత 12 అయిందంటే తలలో ఏదో జరుగుతోంది. డాక్టర్ వచ్చి చూసి వెళ్తాడు, మధ్యలో ఆ తేడా పట్టుకునేది మంచం దగ్గరున్న నర్సే.

ఇదంతా ఇద్దరు పేషెంట్ల కథ. రెండు వందల మంది ఒకేసారి వస్తే?

2023 జూన్ 2. ఒడిశా బాలాసోర్ జిల్లా, బహానగా బజార్ స్టేషన్. సాయంత్రం ఏడు కావస్తుండగా కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్స్‌ని గుద్దింది. పట్టాలు తప్పిన బోగీలు బెంగళూరు నుంచి హావ్‌డా వెళ్లే రైలుకు తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డవాళ్లు వెయ్యికి పైనే. అది చెన్నై వెళ్లే బండి, విశాఖ, విజయవాడ మీదుగా. మనవాళ్లూ అందులో ఉన్నారు. సోరో, బాలాసోర్, భద్రక్, కటక్, ఎక్కడ వీలైతే అక్కడికి పంపారు. రాత్రికి రాత్రి కుర్రాళ్లు రక్తం ఇవ్వడానికి క్యూ కట్టారు.

అలాంటి రాత్రి రూల్ మారిపోతుంది. మామూలు రోజు అందరికంటే సీరియస్‌గా ఉన్నవాళ్లకు మన దగ్గరున్నదంతా ఇస్తాం. విపత్తులో, ఉన్న చేతులతో ఎక్కువమందిని ఎలా బతికించాలి అనేది లెక్క. స్టార్ట్ అనే పద్ధతి ఉంది, 1980ల్లో కాలిఫోర్నియాలో తయారైంది. ఒక్కో మనిషికి నిమిషంలోపే. నడవగలిగిన వాళ్లందరూ అటు రండి అంటారు, వాళ్లకు ఆకుపచ్చ ట్యాగ్. మిగిలినవాళ్లలో ఊపిరి నిమిషానికి 30 దాటితే ఎరుపు. మణికట్టు దగ్గర నాడి దొరక్కపోతే ఎరుపు. చెప్పిన చిన్న పని, చెయ్యి పిడికిలి బిగించమంటే బిగించలేకపోతే ఎరుపు. ఇవన్నీ బాగుండి నడవలేకపోతే పసుపు.

ఊపిరి లేకపోతే? తల సర్ది శ్వాసదారి ఒక్కసారి తెరుస్తారు. ఊపిరి మొదలైతే ఎరుపు. మొదలవ్వకపోతే నలుపు ట్యాగ్ కట్టి, పక్క మనిషి దగ్గరికి వెళ్లాలి. సీపీఆర్ చెయ్యరు.

ఇది విన్నప్పుడు నేను అక్కతో గొడవపడ్డా. "ఎలా వెళ్లిపోతారు అక్కా? ఇంకో నిమిషం ట్రై చేస్తే ఏం పోతుంది?" అన్నా. "పక్కనోడు పోతాడు" అంది. కాసేపాగి, మాక్ డ్రిల్‌లో మొదటిసారి నలుపు ట్యాగ్ కట్టాల్సొచ్చినప్పుడు, బొమ్మ అని తెలిసినా చెయ్యి ముందుకు రాలేదని చెప్పింది. డ్రిల్ చేసేదే అందుకట, బుర్ర కోసం కాదు, చెయ్యి కోసం.

ఇంకో విచిత్రం. విపత్తులో హాస్పిటల్‌కి ముందు చేరేది చిన్న గాయాల వాళ్లు. నడవగలరు, ఆటో ఎక్కగలరు. ఇరుక్కుపోయినవాళ్లు, స్పృహ లేనివాళ్లు ఆ తర్వాత వస్తారు. మొదటి అరగంటలో మంచాలన్నీ కట్లు కట్టించుకునేవాళ్లతో నిండిపోతే, అసలైన ఎరుపు కేసులు వరండాలో ఉంటాయి. అందుకే తెలివైన సీనియర్ సిస్టర్ గుమ్మం దగ్గర నిలబడుతుంది. లోపల కొన్ని మంచాలు ఖాళీగా పెట్టి, బయట జనం అరుస్తున్నా ఎవర్నీ పడుకోనివ్వదు. నాలాంటోడు అక్కడుంటే వీడియో తీసి "ఖాళీ మంచాలున్నా చూడట్లేదు" అని పోస్ట్ చేసేవాడు. గ్యారంటీ.

గ్యాస్ అయితే వరుస ఇంకా వేరు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి లీకైనప్పుడు 12 మంది చనిపోయారు, వందలమందిని కేజీహెచ్‌కీ ఇతర హాస్పిటల్స్‌కీ తరలించారు. రసాయనం తగిలిన వాళ్లొస్తే ముందు చేయాల్సింది బయటే బట్టలు విప్పించడం, ఒళ్లు కడగడం. అంతకంటే ముందు నర్సు తన మాస్కు, గ్లవ్స్ వేసుకోవాలి. స్వార్థంలా అనిపిస్తుంది గానీ, ఆమె పడిపోతే ఇంకో పేషెంట్ పెరిగినట్టు, ఒక నర్సు తగ్గినట్టు.

పిడుగుపాటుకి మాత్రం లెక్క పూర్తిగా తలకిందులు. పొలంలో నలుగురి మీద పిడుగు పడితే, చనిపోయినట్టు కనిపించేవాళ్ల దగ్గరికే ముందు వెళ్లాలి. మూలుగుతున్నవాళ్లు చాలావరకు బతుకుతారు. గుండె ఆగిన వాళ్లకు వెంటనే సీపీఆర్, ఊపిరి అందిస్తే తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. పిడుగు పడిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందనేది అబద్ధం, ఒంట్లో కరెంటేమీ మిగలదు. నలుపు ట్యాగ్ కట్టే అదే సిస్టర్, ఇక్కడ అలాంటి మనిషి దగ్గరికే ముందు పరిగెత్తాలి.

మీరు రోడ్డు మీద ఎవరికైనా సాయం చేయాల్సొస్తే: 108కి గానీ 112కి గానీ కొట్టండి. ముందు ఎక్కడున్నారో చెప్పండి, కిలోమీటర్ రాయి నంబర్‌తో సహా. తర్వాత ఎంతమందికి తగిలింది, వాళ్లలో మాట్లాడనివాళ్లు ఎంతమంది. రక్తం కారే చోట గట్టిగా నొక్కండి. నీళ్లు తాగించొద్దు, లేపి కూర్చోబెట్టొద్దు. టైం చూసి ఫోన్‌లో రాసుకోండి. కేసులవుతాయని భయపడి ఆగిపోకండి, 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇస్తుంది.

మావాడికి చెయ్యి అతికింది, పిక్క మీద మచ్చ ఉంది, ఈ మధ్యే పెళ్లి కూడా అయింది. ఆ రాత్రి క్లీనర్‌ని అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి పంపించారు. వెళ్లేటప్పుడు సిస్టర్ ఆయన చెప్పులు కవర్లో చుట్టి స్ట్రెచర్ మీద, కాళ్ల దగ్గర పెట్టింది. ఆ తర్వాత చేతులు కడుక్కుని మా దగ్గరికొచ్చి, "ఇప్పుడు తియ్యండి చెయ్యి, చూద్దాం" అంది. ఆయన బతికాడో లేదో నాకు తెలీదు. అడిగే మొహం లేక అడగలేదు.