ఊరు శుభ్రపరచువారి క్షేమము



రేడియో కేంద్రములో ఉదయ ప్రసారము నిర్వహించువారు, ఊరు ఇంకను నిద్రలో నుండగనే ఇల్లు విడువవలసి యుండును. నేను అట్లు పోవు దినములలో వీధిలో నాకు మొదట ఎదురగువారు మునిసిపల్ పారిశుధ్య కార్మికులు. మన ఇండ్లలో రేడియో పలుకుటకు పూర్వమే వారి చీపురు చప్పుడు వినవచ్చును.

మా వీధి ఊడ్చు ఒకామె ఒకనాడు కుడిచేతికి గుడ్డ చుట్టుకొని, ఎడమచేత చీపురు పట్టియుండెను. ఏమైనదమ్మా అని అడిగితిని. “చెత్త సంచిలో పగిలిన గాజుగ్లాసు ఉందయ్యా, చెయ్యి పెట్టగానే తెగింది,” అనెను. మందు ఎవరు వేసిరని అడుగగా, ప్రైవేటు డాక్టరు వద్ద కుట్లు వేయించుకొంటినని, అప్పు చేసి రెండు వేలు ఇచ్చితినని, పనికి రాని దినముల కూలి పోయినదని చెప్పెను. పిమ్మట కొంగుముడి విప్పి, నాలుగు మడతలు పెట్టిన జీతపు చిట్టీ తీసి, “అయ్యా, చదువుకున్నవారు గదా, నెలనెలా ఈ కోత ఎందుకో చెప్తారా?” అనెను.

ఆ కోత ఎదుట వ్రాసియున్నది ‘ఇ.ఎస్.ఐ.’ అని. ఎనిమిది సంవత్సరములుగా వైద్యమునకై ఆమె చందా చెల్లించుచునే యున్నది. గాయమైన నాడు మాత్రము అప్పు చేసినది. నేటి నా ప్రసంగమునకు ఈ సంఘటనయే ప్రేరణము.

మునిసిపాలిటీలలోని శాశ్వతోద్యోగులకు సర్వీసు నిబంధనలు, సెలవులు మొదలగునవి ఉన్నవి. నేను చెప్పబోవునది ముఖ్యముగా కంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతులపై పనిచేయువారిని గురించి. వీరికి హక్కులు లేవని చాలమంది తలంపు. అది సరికాదు. హక్కులు ఉన్నవి, అవి కాగితముపై నిద్రించుచున్నవి. వానిని మేల్కొలుపుటకు మొదట కావలసినది, కార్మికుని పేరు సరియైన పుస్తకములో సరిగా వ్రాయబడియుండుట.

ఇ.ఎస్.ఐ. అనగా కార్మిక రాజ్య బీమా. ఇది 1948 నాటి చట్టముతో ప్రారంభమైనది. 2017 నుండి నెలకు 21,000 రూపాయల వరకు వేతనము గలవారిని ఇందులో చేర్చుకొనుచున్నారు. 2019 జూలై నుండి చందా తగ్గినది. కార్మికుడు నూటికి 75 పైసలు, యజమాని నూటికి మూడు రూపాయల పావలా చెల్లింపవలెను. కోత పడుచున్నదనగా కార్మికునికి ఒక బీమా నంబరు ఉండి తీరవలెను. ఆ నంబరు అడిగి తెలిసికొనుడు. భార్య లేక భర్త, బిడ్డలు, ఆధారపడిన తల్లిదండ్రుల పేర్లు అందులో చేర్పించుడు. పేరు చేరనిచో బిడ్డకు జ్వరము వచ్చిననాడు డిస్పెన్సరీ గుమాస్తా చేయగలిగినది ఏమియు లేదు.

వైద్యముతోబాటు కూలికి బదులు సొమ్ము కూడ ఇందులో కలదు. నియమిత దినముల చందా చెల్లించియున్నవారు జబ్బుపడినచో, సంవత్సరములో 91 దినముల వరకు వేతనములో నూటికి 70 వంతులు లభించును. పనిలో దెబ్బ తగిలి మూడు దినములుగాని అంతకుమించిగాని పనికి పోలేనిచో నూటికి 90 వంతులు లభించును. పనివలన ప్రాణమే పోయినచో, ఆధారపడిన కుటుంబమునకు ఆ నూటికి 90 వంతుల లెక్కనే నెలనెల భత్యము వచ్చును. ఇవి దానములు కావు. చందా కట్టినవాని సొత్తు.

అయితే ఒక మెలకువ ముఖ్యము. దెబ్బ తగిలిన దినముననే మేస్త్రీకిగాని శానిటరీ ఇన్‌స్పెక్టరుకుగాని తెలిపి, ప్రమాద పుస్తకములో వ్రాయింపవలెను. “చిన్న గాయమే గదా” అని ఊరకుండి, పది దినములకు చేయి వాచిన పిమ్మట చెప్పినచో, అది పనిలో తగిలిన దెబ్బయని రుజువుచేయుట కష్టమగును. చెత్తలోని గాజుగాని, ఇనుముగాని, సూదిగాని గుచ్చుకొన్నచో గాయమును సబ్బునీటితో బాగుగా కడిగి, ఆ దినమే వైద్యుని చూచి, ధనుర్వాతపు టీకా అవసరమో కాదో అడుగవలెను.

రెండవది భవిష్య నిధి. ఇందులో కార్మికుని వేతనము నుండి నూటికి 12 రూపాయలు కోయుదురు. యజమానియు అంతే చెల్లింపవలెను. ఆ యజమాని భాగములో కొంత పింఛనుకు పోవును. కార్మికునికి శాశ్వతమైన నంబరు ఒకటి యుండును. కంట్రాక్టరు మారినను అది మారరాదు. కోసిన సొమ్ము నిజముగా జమ అగుచున్నదో లేదో ఆ నంబరుతో చూచుకొనవచ్చును. చదువుకొన్న కొడుకో కూతురో ఇంట నున్నచో, నెలకు ఒకసారి చూచిపెట్టుట పెద్ద పని కాదు.

ఈ నిధికి అనుబంధముగ ఒక బీమా ఉన్నది. కార్మికుడు దీనికి ప్రత్యేకముగ పైసయు కట్టనక్కరలేదు. ఉద్యోగములో నుండగా ఏ కారణమున మరణించినను, అర్హతనుబట్టి 7 లక్షల రూపాయల వరకు కుటుంబమునకు చెందును. సొమ్ము ఎవరికి చెందవలెనో కార్మికుడు ముందుగ వ్రాసి యిచ్చుటను నామినేషను అందురు. అది లేని ఇండ్లలో వితంతువు ఆఫీసుల చుట్టు తిరుగవలసివచ్చును. పెండ్లికి పూర్వము తల్లి పేరు వ్రాసి, పెండ్లి పిమ్మట మార్పని వారును కలరు. ఈ రాత్రి భోజనమైన పిదప ఇంటిల్లిపాది కూర్చుండి ఈ ఒక్క సంగతి విచారించుకొనుడని నా మనవి.

ఇంతవరకు పుస్తకములోని పేరును గూర్చి చెప్పితిని. ఎంతటి సొమ్మైనను పోయిన ప్రాణమును తీసికొనిరాజాలదు. కావున ఇక ప్రాణమును గూర్చి చెప్పెదను.

మునిసిపల్ పనులలో మిక్కిలి భయంకరమైనది భూగర్భ మురుగు కాలువలోనికి, సెప్టిక్ ట్యాంకులోనికి మనిషి దిగుట. అక్కడ ప్రాణము తీయునది నీరు కాదు, వాయువు. మురుగు కుళ్ళినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడు పుట్టును. అది గాలికంటె బరువైనది గనుక అడుగున నిలిచియుండును. కొద్దిగా నున్నప్పుడు కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వచ్చును. మోతాదు పెరిగినచో ముక్కు మొద్దుబారి ఏ వాసనయు తెలియదు. కావున “వాసన పోయినది, ఇక దిగవచ్చు” అనుకొనుట ప్రాణాంతకమైన పొరపాటు. మూత తీసి ఎంతసేపు ఉంచినను, అడుగు బురద కదలినంతనే వాయువు మరల పైకి లేచును. మూతికి కట్టిన గుడ్డ దీనిని ఆపజాలదు. మద్యము సేవించి దిగినచో ఏమియు కాదనుట వట్టి భ్రమ. దీపముగాని అగ్గిపుల్లగాని వెలిగించి పరీక్షించుట మరింత అపాయము. అక్కడ మీథేను కూడ ఉండవచ్చును, అది భగ్గున మండును.

ఇందులో అన్నిటికంటె విషాదకరమైనది మరియొకటి. పడిపోయినవానిని రక్షింపబోయినవారును మరణించుచున్నారు. 2015 నవంబరు 26వ తేదీన కేరళలోని కోళికోడు నగరమున, మన ఆంధ్రదేశము నుండి పొట్టకూటికై పోయిన ఇద్దరు కార్మికులు మురుగు కాలువలో చిక్కుకొనిరి. ఆ దారిని ఉన్న ఒక ఆటో డ్రైవరు, వారెవరో తెలియకున్నను, కాపాడుటకు లోనికి దిగెను. ముగ్గురును మరణించిరి. ఆ డ్రైవరు హృదయమునకు మనము చేతులు జోడించవలసినదే. కాని అట్టి మంచివారు బ్రతికియుండవలెనన్నచో ఒక నియమము అందరికిని తెలియవలెను. గుంతలో మనిషి పడిపోయినచో వెంట దిగరాదు; అంచున వంగి తల లోపల పెట్టరాదు. 101కు ఫోను చేసి అగ్నిమాపక దళమును, 108కు ఫోను చేసి అంబులెన్సును పిలువవలెను. వాని నడుమునకు త్రాడు కట్టియున్నచో పైనుండియే లాగవలెను. శ్వాసయంత్రము ధరించినవారు తప్ప వేరెవ్వరును దిగరాదు.

చట్టము ఈ విషయమున స్పష్టముగ నున్నది. కోలారు బంగారు గనుల ప్రాంతమున జన్మించిన బెజవాడ విల్సన్ గారు, ఆయన సహచరులు నడిపిన ఉద్యమమునకు ఆంధ్రప్రదేశములో ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు అండగా నిలిచిరి. 2013లో పార్లమెంటు చేసిన చట్టము, రక్షణ సాధనములు లేకుండ మనిషిని మురుగు కాలువలోనికి, సెప్టిక్ ట్యాంకులోనికి దింపుటను నిషేధించినది. దింపినవానికి మొదటి తప్పునకే రెండేండ్ల వరకు జైలుగాని, 2 లక్షల వరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. శిక్ష దింపినవానికే గాని దిగినవానికి కాదు. మురుగు కాలువలో మరణించినవాని కుటుంబమునకు 10 లక్షలు ఇవ్వవలెనని 2014లో సుప్రీంకోర్టు చెప్పినది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తమును 30 లక్షలకు పెంచినది. 2025 జనవరి 29న హైదరాబాదుతో కూడ ఆరు మహానగరములలో మనుషులచే మురుగు కాలువలను శుభ్రపరచు పద్ధతిని నిలుపవలెనని ఆదేశించినది. కావున, “దిగు, లేకున్న రేపు పనికి రావద్దు” అని ఎవరైన బెదిరించినచో, చట్టము కార్మికుని ప్రక్కననే ఉన్నదని తెలియునది. ఒంటరిగా ఎదురు చెప్పుట కష్టము. నలుగురు కలిసి చెప్పుడు, సంఘముతో చెప్పించుడు, కలెక్టరుకు అర్జీ వ్రాయుడు.

ఇక గృహస్థులైన మనకు ఇందులో కర్తవ్యము లేదా? ఉన్నది. ఆ చట్టము మునిసిపాలిటీకి మాత్రమే కాదు, మన ఇంటికిని వర్తించును. సెప్టిక్ ట్యాంకు నిండినచో పీల్చు యంత్రము గల లారీని పిలువవలెను; కూలి తక్కువని మనిషిని దింపుట నేరము. పగిలిన గాజును, బ్లేడును మందపాటి కాగితములో చుట్టి, పైన వ్రాసి, వేరుగ ఇచ్చుడు. ఇంట సూది మందు పుచ్చుకొనువారు వాడిన సూదులను మూతగల గట్టి డబ్బాలో వేసి, చెప్పి ఇచ్చుడు. ఇందులకు అర నిమిషము పట్టును. ఆ అర నిమిషము లేనందువలననే మా వీధి ఆమె చేయి తెగినది. ఆ గాజుగ్లాసు ఏ ఇంటిదో నాకు తెలియదు. మా ఇంటిది కాదని నేను గట్టిగ చెప్పలేకపోతిని.

తరువాతి వారము ఆమె ఒకపూట సెలవు పెట్టి ఇ.ఎస్.ఐ. డిస్పెన్సరీకి పోయి వచ్చినది. బీమా నంబరు తెలిసినది. కాని అందులో భర్త పేరు తప్పుగ, కొడుకు పేరు లేకుండ ఉన్నదట. “రెండుసార్లు తిరగమన్నారయ్యా, తిరుగుతాను,” అనెను. తిరుగవలసివచ్చుట న్యాయము కాదు. అయినను ఆమె తిరుగుచున్నది. మీ వీధి ఊడ్చువారి వద్దను అట్టి చిట్టీ ఒకటి మడతపెట్టి యుండవచ్చును. రేపు ఉదయము వారు కనబడినప్పుడు ఒకసారి అడిగి, చదివి చెప్పుడు.

సెలవు.